చందా లెక్క తేలాకే పంచాయతీ లెక్క

ఈ ఉదంతంలో ఊరి పేరు రాయడం లేదు, మనుషుల పేర్లూ రాయడం లేదు. రాయొద్దని వాళ్ళే అడిగారు. నెల్లూరు జిల్లా మెట్టలో, కలిగిరి చుట్టుపక్కల ఒక పంచాయతీ అనుకుంటే చాలు. పొగాకు, శనగ, మినుము పండే నేలలు. వాన పడితే సేద్యం, పడకపోతే బెంగళూరు బస్సు. ఊరికి కూతవేటు దూరంలో ఎస్సీ కాలనీ, చెరువుకట్ట అవతల యానాదుల కాలనీ. మూడింటికీ ఒకటే పంచాయతీ, ఒకటే ఓవర్‌హెడ్ ట్యాంకు.

నేను పంచాయతీ సభ్యులకూ యువతకూ శిక్షణలిస్తూ తిరిగే మనిషిని. అంతకుముందు కొన్నేళ్ళు ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో పనిచేశాను. 2022లో ఈ ఊరికి నన్ను పిలిచింది సర్పంచే. 2021 ఫిబ్రవరి ఎన్నికల్లో మహిళలకు రిజర్వయిన సీట్లో గెలిచింది. డిగ్రీ చదివి ఆ ఊరికి కోడలుగా వచ్చిన మనిషి, వయసు ముప్పై లోపే. ఫోన్లో ఆమె అడిగింది ఇంతే:

"పిలకాయలు వాట్సాప్‌లో రోజూ తిడుతుండారు సార్. లైటు ఎలగకపోయినా నేనే, కుక్క కరిచినా నేనే. వాళ్ళని కూర్చోబెట్టి పంచాయతీ అంటే ఏందో మీరన్నా చెప్పండి."

తిట్టేవాళ్ళ నోరు మూయించమని అడిగిన సర్పంచులు నాకు చాలామంది తెలుసు. కూర్చోబెట్టమని అడిగిన మనిషి ఈమే మొదలు. అందుకే ఒప్పుకున్నాను.

రెండు రోజుల శిక్షణ, ఒక ఫ్లెక్సీ

వినాయక చవితి అయిపోయిన రెండో వారంలో, బడి వరండాలో శిక్షణ పెట్టాం. పెద్ద ఫ్లెక్సీ కట్టించాను. దాని మీద మన ప్రాంతపు పెద్దలు ముగ్గురు: బారిస్టరుగా గడించినదంతా ఉద్యమానికి ధారపోసిన టంగుటూరి ప్రకాశం పంతులు, 58 రోజులు నిరాహారంగా ఉండి 1952 డిసెంబరు 15న కన్నుమూసిన పొట్టి శ్రీరాములు, పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్ళిన అలగానిపాడు సుందరయ్య. మొదటి రోజంతా వాళ్ళ గురించే చెప్పాను. ఇరవై మంది కుర్రాళ్ళు మర్యాదగా విన్నారు. కుర్రాళ్ళు మర్యాదగా వింటున్నారంటే వినడం లేదని అర్థం. ఇన్నేళ్ళ అనుభవంలో ఆ మాత్రం పసిగట్టాల్సింది, పసిగట్టలేదు.

ఆ రాత్రి బస చేసిన చోట ఆలోచిస్తే తట్టింది. సర్వం వదులుకున్నవాళ్ళ కథ చెబితే ఇరవై రెండేళ్ళ కుర్రాడు దండం పెట్టి లేచిపోతాడు. వదులుకోవడానికి వాడి దగ్గర సర్వం లేదు. ఉన్నది ఒక ఫోను, ఒక పల్సర్ బండి, ఊరి మీద కొంత కోపం.

రెండో రోజు ఫోనుతోనే మొదలుపెట్టాను. ఓటు హక్కు 1989 మార్చి 28 నుంచి 18 ఏళ్ళకే వచ్చిందనీ, పంచాయతీకి పోటీ చెయ్యడానికి 21 నిండితే చాలనీ, పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభలో సభ్యుడేననీ నాలుగు ముక్కల్లో ముగించి, ఈ-గ్రామస్వరాజ్ సైటు తెరవమన్నాను. 2020 ఏప్రిల్ 24న మొదలైన సైటది. మన పంచాయతీ ఏ పనికి ఎంత చెల్లించిందో ఎవరైనా చూసుకోవచ్చు. పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే వాడాలి, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు అని చెప్పేలోపే వెనక వరసలోంచి కేక:

"ఒరే, ఇదేందిరా, మోటారు రిపేరు 4 సార్లు ఉండాది!"

అప్పటి దాకా గోడకు ఆనుకున్న కుర్రాళ్ళంతా ఒక్క ఫోను చుట్టూ మూగారు. నా శిక్షణ ఫలించిందని మురిసిపోయాను. ఎక్కువ ఫలించిందని అక్టోబరు 2న తెలిసింది.

అవ్వ అడిగిన లెక్క

ఆ ఊళ్ళో గ్రామసభ అంటే దండోరా వేయడం, తీర్మానాల పుస్తకం తెరవడం, సంతకాలూ వేలిముద్రలూ తీసుకోవడం, టీ తాగడం. పావుగంట పని. ఆ ఏడాది గాంధీ జయంతి సభకు మాత్రం కుర్రాళ్ళు ఇరవై మందీ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళలో ముందుండే కుర్రాడు బీకాం మూడో ఏడు. లేచి నిలబడి, ఫోన్లో చూస్తూ అడిగాడు: ఏడాదిలో 4 సార్లు మోటారు కాలిందా? కాలితే వైండింగ్ చేసిందెవరు? బిల్లులు చూపించండి.

కార్యదర్శి నుదురు తుడుచుకున్నాడు. సర్పంచ్ భర్త లేచి "నీకు చెప్పాల్నా ఏందిరా?" అన్నాడు. గొడవ అవుతుందనుకుంటుండగా పొదుపు సంఘాల ఆడవాళ్ళ వరసలోంచి ఒక అవ్వ లేచింది. డెబ్బై దాటి ఉంటాయి.

"అడగండి నాయనా, అడగాల్సిందే. నేనూ ఒకటడగతా. మొన్న వినాయకుడికని నా కాడ 200 తీసకపోయినారు. ఆ లెక్క ఎవురికి చెప్పినారు?"

సభంతా గొల్లుమంది. అవ్వ నవ్వలేదు.

"మేం రోజుకు రూపాయి దాచుకున్నప్పుడే పుస్తకం రాసినాం. మీరు లక్షలెత్తినారు. మీ పుస్తకం ఏదబ్బయా?"

ఈ మాట వెనకాల ఏముందో ఈ జిల్లా వాళ్ళకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళు 1992లో దూబగుంటలో సారాను అడ్డుకున్నారు. వాళ్ళ ముందు నడిచిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది, సారా వేలంపాటలు ఆగిపోయాయి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. సారా మీద పోయే డబ్బు ఇంట్లో మిగలాలని రోజుకు రూపాయి చొప్పున కూడబెట్టే 'పొదుపు లక్ష్మి' సంఘాలు నెల్లూరు జిల్లాలో అప్పుడే పుట్టాయి. ఆ సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. సమావేశం ముగిసేలోపు ఎవరు ఎంత కట్టారో, ఎవరు ఎంత అప్పు తీసుకున్నారో, ఎవరు ఎగ్గొట్టారో పేరుపేరునా పైకి చదవాలి. చదువు రానివాళ్ళు కూడా విని పట్టుకుంటారు.

దూబగుంట కథను నేను వందల శిక్షణల్లో చెప్పి ఉంటాను. ఈ ఊళ్ళోనూ మొదటి రోజు మధ్యాహ్నం చెప్పాను. ఆ కాలంలో సారా కుండలు పగలగొట్టిన ఈ అవ్వ అదే సమయంలో బడి వెనక మాకు అన్నం వండుతోంది. నేను ఆమెను లోపలికి పిలవలేదు.

సభలో ఏం జరిగిందో చూడండి. అవ్వ ప్రశ్నతో సర్పంచ్ గట్టెక్కినట్టే. భర్త ముఖంలో ఆ సంతోషం దాగలేదు. "ముందు మీ లెక్క తేల్చుకోండ్రా" అనేస్తే సభ అక్కడితో సరి. నాకు తెలిసిన ఏ సర్పంచయినా అంతే చేసేవాడు. ఈమె మైకు తీసుకుని చెప్పింది వేరు:

"పిలకాయలు అడిగినదానికి నేను చెప్పాల. అవ్వ అడిగినదానికి పిలకాయలు చెప్పాల. రెండూ జనవరి 26 సభలో చదువుదాం. పుస్తకంలో రాసుకోండి సార్."

కార్యదర్శి రాసుకున్నాడు. ఈ ఉదంతం మొత్తంలో నేను నాయకత్వం అని వేలు పెట్టి చూపించగలిగేది ఆ అర నిమిషాన్నే. తనకు దొరికిన చాటును ఆమె వాడుకోలేదు.

రశీదు పుస్తకాలు

ఆ రాత్రి టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు నా మీద విరుచుకుపడ్డారు. పంచాయతీ డబ్బు ప్రభుత్వానిది, చందా డబ్బు దేవుడిది, రెండూ ఒకటెట్లా అవుతాయన్నారు. రెండూ ఊరివే కదా అన్నాను. కాసేపు వాదులాడి, చివరికి పట్టుదలకు పోయి ఒప్పుకున్నారు. చిక్కల్లా ఒకటే, వాళ్ళలో ఎవరికీ జమాఖర్చు రాయడం రాదు. బీకాం కుర్రాడికి కూడా! వాడు పాసైంది గైడ్లు చదివి.

రాయడం వచ్చిన మనిషి ఊళ్ళో ఉంది. సంఘాల పుస్తకాలు రాసే యానిమేటర్ కూతురు, ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉంటోంది, చిన్నప్పటి నుంచి అమ్మ పక్కన కూర్చుని పద్దులు వేసిన పిల్ల. యువజన సంఘంలో ఆడపిల్లలు లేరు. ఎందుకు లేరని అడిగితే "రారు సార్" అన్నారు. పిలిచారా అంటే లేదు. అవ్వే వెళ్ళి ఆ పిల్లను తీసుకొచ్చింది.

ఆ పిల్ల మొదట చేసిన పని రశీదు పుస్తకాల నకళ్ళు ముందేసుకుని వీధి వారీగా గడులు గీయడం. ఎవరినీ ఏమీ అనలేదు. గడులు నిండాక తెలిసింది, ఎస్సీ కాలనీ నుంచి 31 రశీదులు, యానాదుల కాలనీ నుంచి 14 రశీదులు ఉన్నాయి. పదులూ ఇరవైలూ యాభైలూ. బెంగళూరు నుంచి ఫోన్‌పేలో వచ్చిన పెద్ద మొత్తాల పక్కన అవి కనిపించవు. ఊరేగింపు మాత్రం ఏ ఏడూ రెండు కాలనీల వైపూ తిరగలేదు. ఎందుకు తిరగలేదని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. గడులున్న కాయితం మధ్యలో పడి ఉంది, కుర్రాళ్ళు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

తర్వాత ఖర్చు. బొమ్మ, మండపం, పూజారి, ప్రసాదాలు, డీజే 35,000. చివర 'ఇతరములు 22,000'.

"ఇతరములు అంటే ఏంది?" అందా పిల్ల.

ఒకడు చెప్పు సర్దుకున్నాడు, ఇంకొకడు ఫోను తీశాడు. నిమజ్జనం రోజు ఊరేగింపు కుర్రాళ్ళకు పోసిన మందు అది. సారాను తరిమిన ఊళ్ళో, ఆ తరిమిన అవ్వ ఇచ్చిన 200 కూడా కలిసిన చందాలోంచి.

మూడు రాత్రులు ఈ ఒక్క పద్దు మీదే పంచాయితీ. కూలీలని రాద్దామన్నాడొకడు. బాణసంచా అని రాద్దామన్నాడు ఇంకొకడు. నేను నోరెత్తలేదు, నిజానికి ఎత్తాలో వద్దో తేలక ఊరుకున్నాను. మూడో రాత్రి బీకాం కుర్రాడే అన్నాడు: "మోటారు అని రాసి ఇంక దేనికో వాడినారని గదరా మనం వాళ్ళని అడిగింది." పెన్ను తీసుకుని 'ఇతరములు' కొట్టేసి 'మందు' అని రాశాడు. తర్వాత ఆ కుర్రాడి మీద నాకు కోపం వచ్చిన సందర్భాలున్నాయి, రాస్తాను. ఆ రాత్రిని మాత్రం వాడి ఖాతాలోంచి తీసెయ్యలేను.

ఇంకొకటి మిగిలింది, లడ్డు వేలం. కిందటేడు పాట 41,000కు పాడి లడ్డు ఇంటికి తీసుకుపోయిన పెద్దరైతు పైకం కట్టలేదు. ఆయన్ని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అడగొద్దు, 'రావలసినది' అని రాసి చదువుదాం అన్నారు. ఆ సంగతి ఎలా పొక్కిందో, జనవరి 24 రాత్రి ఆయన డబ్బు పంపించాడు. "వేలం ప్లాట్‌ఫాంలో నా పొగాకు బేలుకు ఎవుడన్నా పాడి డబ్బెగ్గొడితే నేనూరుకుంటానా, తెచ్చిస్తాగా" అన్నాడట. నిజమే, ధర నలుగురి ఎదుట పలకాలనే కదా పొగాకు రైతులు వేలం కోరుకున్నది.

సర్పంచ్ ఇంట్లో

కుర్రాళ్ళ లెక్క తేలుతున్న రోజుల్లోనే సర్పంచ్ ఇంట్లో వేరే లెక్క నడుస్తోంది. పంచాయతీ ఖాతాలోంచి డబ్బు కదలాలంటే కార్యదర్శిదీ సర్పంచ్‌దీ రెండు డిజిటల్ సంతకాలూ కావాలి. సర్పంచ్ సంతకం ఉండే డాంగిల్, పెన్‌డ్రైవ్‌లాంటి పరికరం, ఆమె దగ్గర లేదు, భర్త బండి డిక్కీలో ఉంది. ఇది ఈ ఒక్క ఊరి కథ కాదు. మహిళా సర్పంచుల శిక్షణలో "మీ డాంగిల్ ఎవరి దగ్గరుందో చెయ్యెత్తండి" అంటే సగం మంది నవ్వేస్తారు.

ఆమె డాంగిల్ అడిగింది. ఇంట్లో గొడవైంది. వారం పుట్టింట్లో ఉండి వచ్చింది. వచ్చేటప్పటికి అత్తగారు డాంగిల్ తెచ్చి చేతిలో పెట్టిందట. ఆ వారంలో ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు.

కార్యదర్శి అప్పుడు నిజం చెప్పాడు. 4 బిల్లుల్లో 2 నిజంగా మోటారు వైండింగ్‌వే. పట్నంలో వైండింగ్ షాపు వాడి చేతిపుస్తకంలో తేదీలతో సహా ఉన్నాయి. మిగతా 2 బిల్లులు ట్యాంకరువి. ఎండాకాలంలో చివరనున్న యానాదుల కాలనీకి నీళ్ళెక్కలేదు. ట్యాంకరు బిల్లు పెడితే అనుమతులు వచ్చేసరికి వానాకాలం వస్తుంది, మోటారు రిపేరయితే గబాల్న అవుతుంది. అందుకని అలా సర్దారు. ఆ ట్యాంకరు ట్రాక్టరు సర్పంచ్ మరిదిది.

అంటే కుర్రాళ్ళు అనుకున్నట్టు ఇది నిలువుదోపిడీ కాదు. అలాగని శుభ్రమైన లెక్కా కాదు. పంచాయతీల్లో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రకమే: పని జరిగింది, పేరు వేరే రాశారు, పనిలాభం చుట్టాలకు పోయింది. ఇలాంటిది బయటపెట్టడమే కష్టం. దొంగతనమైతే దొంగను చూపించవచ్చు. సర్దుబాటుకు అందరూ చుట్టాలే.

సలహా అడిగితే నేను వెనకాడాను. "విచారణ జరుగుతోంది అని చెప్పండి, అబద్ధం కాదు కదా" అన్నాను. సామాజిక తనిఖీల్లో పనిచేసిన మనిషి ఇవ్వాల్సిన సలహా కాదది. ఆమె కాసేపు చూసి, "పిలకాయలు మందు అని రాసినారంట గదా సార్" అంది. అంతే.

జనవరి 26

ముందు కుర్రాళ్ళ లెక్క. బీకాం కుర్రాడు చదివాడు. జమ 1,84,000 దగ్గర మొదలై, వీధి వారీగా, రెండు కాలనీల రశీదులతో సహా. 'మందు 22,000' దగ్గర గొంతు తగ్గింది. "వినపళ్ళా" అంది అవ్వ. మళ్ళీ చదివాడు. సభలో ఎవరూ కేకలేయలేదు. ఒక తల్లి కొంగు అడ్డం పెట్టుకుని కొడుకు వంక చూసింది, అంతకంటే పెద్ద శిక్ష అక్కర్లేదు.

తర్వాత సర్పంచ్ కాయితం తీసింది. నాకు గుర్తున్నంతవరకు ఆమె మాటలివి: "రెండు బిల్లులు మోటారువి, రెండు ట్యాంకరువి. ట్యాంకరు తోలించి మోటారని రాసినాం. ట్రాక్టరు మా మరిదిది. నాకు తెలవదని చెప్పను. డాంగిలు నా కాడ పెట్టుకోకపోవడం నా తప్పే."

అప్పుడు యానాదుల కాలనీ పెద్దాయన లేచాడు. ఆ ఊరి గ్రామసభలో ఆయన మాట్లాడటం అదే మొదటిసారి అని తర్వాత చెప్పారు. "ట్యాంకరు వచ్చిన మాట నిజమే అమ్మా. రోజూ రాలా. రోజు మార్చి రోజు వచ్చింది. మా ఆడోళ్ళు గీతలు గీసుండారు."

పాలలెక్కకు గీసుకున్నట్టు గోడ మీద బొగ్గు గీతలు. సభ మధ్యలో ఆపి నలుగురు కుర్రాళ్ళూ ఆ పిల్లా వెళ్ళి లెక్కపెట్టి వచ్చారు. 38 గీతలున్నాయి. బిల్లు 60 ట్రిప్పులకు ఉంది. 22 ట్రిప్పుల సొమ్ము మరిది రెండు విడతల్లో పంచాయతీ ఖాతాలో జమ చేశాడు, చలానాలు తీర్మానాల పుస్తకంలో అంటించి ఉన్నాయి. నా వృత్తిలో పని కొలతలు రాసే ఎం-బుక్కులూ కూలీల హాజరు రాసే మస్టర్లూ ఎన్ని తిరగేశానో లెక్కలేదు. నేను చూసినవాటిలో ఏ వంకా పెట్టలేని రికార్డు ఆ బొగ్గు గీతలే.

ఇంటిపన్ను బకాయిల జాబితా కూడా అదే సభలో చదివారు. ముందు వరసలో కూర్చున్న ఇరవై మందిలో 11 మంది ఇళ్ళు అందులో ఉన్నాయి. దాని గురించి ఎక్కువ రాయడానికేం లేదు, చాలామంది వారంలో కట్టేశారు.

ఆ తర్వాత

ఇక్కడితో ఆపితే బాగుండే కథ. జరిగింది రాస్తాను.

సభ జరిగిన నెలకు సర్పంచ్‌కు పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది, వివరణ ఇవ్వమని. పద్దు మార్చి రాయడం నిబంధనలకు విరుద్ధం, కాబట్టి మెమో తప్పు కాదు. అయితే చుట్టుపక్కల పంచాయతీల్లో ఇదే సర్దుబాటు చేసి నోరు మెదపనివాళ్ళకు ఏ మెమోలూ రాలేదు. పక్కూరి సర్పంచులు ఫోన్ చేసి "నువ్వు చెప్పి మా మెడకు తెచ్చినావు గదమ్మా" అన్నారట. నెలకు 3,000 గౌరవ వేతనం తీసుకునే మనిషి నిజం చెబితే తగిలేవి ఇవి. యువతకు విలువల మీద ఉపన్యాసాలిచ్చే నాలాంటి వాళ్ళు ఈ ధర కూడా పైకి చదవాలి.

బీకాం కుర్రాడి సంగతి. ఆమె మాటల్లోంచి "నా తప్పే" అన్న ముక్క వరకు కత్తిరించిన వీడియో మండలమంతా తిరిగింది. తీసింది వాడే. రెండు నెలల్లో ఒక పార్టీ యువజన విభాగంలో వాడికి పదవొచ్చింది. వాడు చెడ్డవాడని నేననుకోను. ఇరవై రెండేళ్ళవాడికి సమాచారం ఎలా రాబట్టాలో నేర్పాను, రాబట్టాక దాంతో ఏం చెయ్యకూడదో నేర్పలేదు. ఆ లోటు నాది. వాడితో పాటు పది మంది పోయారు. యువజన సంఘం రెండుగా చీలింది.

మిగిలింది ఆ పిల్ల, ఇంకో నలుగురు. వాళ్ళు కొత్తగా పెట్టుకున్న కట్టుబాటు ఒకటే ఉంది, చదివితే పూర్తిగా చదవాలి, పంపితే పూర్తిగా పంపాలి. దాన్ని సంఘం పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నారు.

ఈ పని మొదలుపెట్టేవాళ్ళకు ఉపయోగపడతాయని నా పాత వృత్తి సంగతులు రెండు చెబుతాను. ఉపాధి హామీ సామాజిక తనిఖీలు ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి జరిగాయి, 2009లో వాటికోసం ప్రత్యేక సంస్థ కూడా ఏర్పడింది. కూలీల ఇళ్ళలో చదువుకున్న పిల్లలే తనిఖీదారులు. ఇంటింటికీ వెళ్ళి "ఈ పనికి మీరు పోయారా, ఇంత కూలి ముట్టిందా" అని అడిగి, గ్రామసభలో చదివి, మండలంలో ప్రజావేదిక ముందు పెట్టేవాళ్ళం. అయితే ఎవరూ సొంత ఊళ్ళో తనిఖీ చేయకూడదు. మొహమాటం, భయం లేకుండా ఉండాలని ఆ నియమం. బయటివాడు అడిగి సాయంత్రం బస్సెక్కుతాడు. ఊళ్ళోవాడు అడిగి, అదే సాయంత్రం అదే రచ్చబండ మీద కూర్చోవాలి. ఈ తేడాను నేను లెక్కలోకి తీసుకోలేదు. సొంత ఊళ్ళో అడిగేవాడికి రక్షణ అధికారం వల్ల రాదు, తన పుస్తకం ముందే తెరిచి పెట్టి ఉండటం వల్ల వస్తుంది. అవ్వ ఆ రోజు కుర్రాళ్ళను అవమానించిందనుకున్నాను. వాళ్ళకు నిలబడే చోటు చూపించిందని చాలా నెలలకు గాని నాకు ఎక్కలేదు.

రెండోది చిన్న విషయం. గోడ మీద అంటిస్తే సరిపోదు, నోటితో చదవాలి. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. కాయితం తెచ్చుకోవడం అంత సులువు. తెచ్చుకున్న కాయితం ఫోన్లోనో బీరువాలోనో ఉండిపోతుంది. యానాదుల కాలనీ పెద్దాయన అక్షరం చదవలేడు. వినబట్టే ఆయన లేచి మాట్లాడాడు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టినప్పుడు నేను ఈ ఊరికే వెళ్ళాను. ప్రకాశం పంతులు పుట్టినరోజు కూడా అదే. ఫ్లెక్సీ తీసుకెళ్ళలేదు. పద్దులు చదివింది యానిమేటర్ కూతురు. సభ దాదాపు రెండు గంటలు నడిచింది, సగం సేపు కాలనీకి విడిగా బోరు వెయ్యాలా, పైపు మార్చాలా అన్న దాని మీదే. తేలలేదు. ఎండాకాలంలో ట్యాంకరు ఇంకా పోతూనే ఉంది, ఇప్పుడు ట్యాంకరని రాసే పోతోంది. ఊరేగింపు 2023లో ఎస్సీ కాలనీ దాకా వెళ్ళింది. చెరువుకట్ట మీద ట్రాక్టరు తిరగదని యానాదుల కాలనీకి పోలేదు. నీళ్ళ ట్యాంకరు తిరిగే కట్టే అది. సంఘం కుర్రాళ్ళు ఈ మాట నాకు చెప్పి నవ్వారు గానీ, ఆ నవ్వులో సిగ్గు కూడా ఉంది.

సభ అయ్యాక అవ్వ నన్ను ఆపింది. "మీ రెండు రోజుల బడికి ఎంతయింది నాయనా? అది ఎవురి డబ్బు?" నేను చెప్పబోతే వద్దంది. రాసి పంపమంది.

రాసి పంపాను. ప్రయాణం, బస, ఫ్లెక్సీ 1,800, పెన్నులూ పుస్తకాలూ, భోజనాలు 2,400. భోజనాల పైకం అప్పట్లో కుర్రాళ్ళ చేతికే ఇచ్చాను, రశీదు తీసుకున్నాను, మా సంస్థ పుస్తకంలో ఆ పద్దు ఆడిట్ కూడా అయిపోయింది. మొన్న వెళ్ళినప్పుడు ఆ కాయితం సంఘం గది గోడకు అంటించి కనిపించింది, చందా లెక్కల పక్కన. భోజనాలు 2,400 అన్న చోట ఎవరో పెన్సిలుతో చేర్చారు: 'బియ్యం పొదుపు సంఘానివి. 14 కిలోలు.'